తుడిచిన తలుపు

జూన్ 18

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు ఉత్తరంలో రాస్తున్నాను. మాకున్నది ముందు దుకాణం, వెనక ఒక గది. చిన్నాన్నకి చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులే. ఫోన్లో నేను "కోర్టు" అనగానే జిగురు గిన్నె మీద ఆయన చెయ్యి ఆగిపోతోంది. ఇకనుంచి నువ్వూ ఉత్తరమే రాయి.

ఏప్రిల్లో ఫలానా రోజు పొద్దున మన తలుపుకి నోటీసు అంటించినట్టు కోర్టు కాగితాల్లో ఉందన్నావు. ఆ పొద్దున ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా రాయమన్నావు. స్కూలు రిజిస్టర్లు బైండు చేసి అప్పజెప్పిన రోజు కాబట్టి నాకు బాగానే గుర్తుంది. ఏమీ జరగలేదు. ఏమీ జరగని పొద్దు ఎలా ఉంటుందో అలాగే రాస్తాను.

నేను లేచేసరికి చిన్నాన్న స్టవ్ ముందు నిలబడి మైదా ఉడికిస్తున్నాడు. ఉండ కట్టకుండా తిప్పుతూ, దించేముందు చిటికెడు మైలుతుత్తం వేశాడు, పురుగు పట్టకుండా. "ఈ జిగురు తిన్న పుస్తకం నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అన్నాడు. రోజూ అనే మాటే. నేనూ రోజూ నవ్వినట్టే నవ్వాను. ఇద్దరం టీ తాగాం. రిజిస్టర్లు బిగించిన ఇనప ప్రెస్సులోంచి తీసి, అంచులు సరిచూసి, చాప మీద పేర్చాను. ఒకదాని అట్ట కొంచెం పైకి లేచింది. దానిమీద ఇటుక పెట్టాను.

చిన్నాన్న పాల కోసం వెళ్ళాడు. నేను వెనక గది తలుపు వేసుకుని ప్రార్థనకి కూర్చున్నాను. ఆ గంటసేపు నన్నెవరూ పిలవరు. వీధి వీధంతా తెలిసిన సంగతే. చిన్నాన్న తిరిగొచ్చి, రోజూలాగే బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని దుకాణం తలుపు తుడిచాడు. ఎవరెవరో అంటించి పోయే కాగితాలు ఉంటాయిగా, ట్యూషన్లు, సినిమాలు, మొలల మందులు. వాటిని నానబెట్టి పాత రంపపు బ్లేడుతో గీకేస్తాడు. దుకాణం మొహం కడక్కుండా బేరం రాదంటాడు. ఆ గీకుడు చప్పుడు లోపలికి వినపడుతూనే ఉంటుంది. ఆ రోజు మధ్యలో కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. బ్లేడు కడుక్కుంటున్నాడనుకున్నాను. ప్రార్థనలో మనసు అంతదూరం పోయినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అందుకే అది గుర్తుంది.

తర్వాత స్కూలు ప్యూను వచ్చి రిజిస్టర్లు తీసుకెళ్ళాడు. అంతే.

నోటీసు మేము చూడలేదు. ఖాళీ చెయ్యమన్న ఆర్డరే మొదట చూశాం. నువ్వు వేళకి తిను.

అక్క


జూన్ 25

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం మా సీనియర్ లాయరు గారికి చదివి వినిపించాను. జిగురు దగ్గర ఆయన నవ్వారు. ప్రార్థన దగ్గర నవ్వలేదు.

నీకు చట్టం ఉండ కట్టకుండా చెబుతాను. ఇంటి యజమాని "నా ఇల్లు నాకు కావాలి" అని అద్దె కోర్టుకి వెళ్తాడు. కోర్టు మనిషి వచ్చి మన తలుపు తడతాడు. తీయకపోతే నోటీసు తలుపుకి అంటించి పోతాడు. అంటిస్తే అందినట్టే. పదిహేను రోజుల్లో మనం వెళ్ళి "మా మాట వినడానికి అనుమతివ్వండి" అని అడగాలి. వాదించడం కాదు, వాదించొచ్చా అని అడగడం. అడగకపోతే యజమాని చెప్పిందంతా మనం ఒప్పుకున్నట్టు లెక్క. మనకి జరిగింది అదే. మనం పుట్టి పెరిగిన దుకాణం గురించి మనల్ని ఒక్క ప్రశ్న అడక్కుండా రాసిపారేశారు.

ఇది మీ ఒక్కరి గొడవ కాదు అంటారు సీనియర్. మనిషి మాట వినకుండా మనిషి గూడు తీసెయ్యడం రాజ్యాంగం ఒప్పుకోదు, ఆ సెక్షన్నే కొట్టెయ్యమని హైకోర్టులో అడుగుదాం అంటున్నారు. అది తేలడానికి నెలలు పడుతుంది. ఈలోగా దుకాణం జోలికి రాకుండా స్టే తెచ్చుకోవాలి. స్టే వస్తే చిన్నాన్న అక్కడే ఉంటాడు. రాకపోతే ఎంత పెద్ద తీర్పు వచ్చినా మనకి దుకాణం ఉండదు.

ఒక మాట అనక తప్పదు. ఆ కోర్టు మనిషి వచ్చింది నువ్వు ప్రార్థనలో ఉన్నప్పుడే. రిపోర్టులో వేళ కూడా రాశాడు. దేవుడు నీ మాట విన్నాడో లేదో నాకు తెలియదు, నువ్వు మాత్రం తలుపు చప్పుడు వినలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చినా నీ గది తలుపు తెరుచుకునేదాకా ఆగాల్సిందే. చిన్నాన్న నన్ను ఒళ్ళో పెట్టుకుని గుమ్మం బయట కూర్చునేవాడు. నీకు గుర్తుందో లేదో.

కోపంగా రాశాను. అయినా చింపకుండా పంపుతున్నాను.

తమ్ముడు


జూలై 2

తమ్ముడికి,

చింపకుండా పంపావు, మంచిదే. ఆ జ్వరం నాకు గుర్తుంది.

నీ చట్టం అర్థమైంది. తలుపు తట్టొచ్చా అని అడగడానికి ముందు తలుపు తట్టాలి, అంతేగా.

ఇంటాయన కొడుకు నిన్న వచ్చాడు. ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "నోటీసుకి మీరు పలకలేదంటే మీకు అభ్యంతరం లేదనుకున్నా అక్కా. లేదంటే నన్ను లెక్కచెయ్యలేదనుకున్నా. ఏదైనా నాకు ఒకటే కదా" అన్నాడు.

"కోర్టుకి పోయేముందు నువ్వే వచ్చి అడిగితే పోయేదేముంది?" అన్నాను.

"అడిగితే మీ చిన్నాన్న మా నాన్న పేరెత్తి నన్ను ఏడిపిస్తాడు. ఏడిస్తే ఇక దీన్ని పడగొట్టి కొత్తది కట్టలేను. లాయరు అందుకే అడగొద్దన్నాడు."

చిన్నాన్న ప్రెస్సు బిగిస్తూనే అందుకున్నాడు. "నీ ఎక్కాల పుస్తకానికి అట్ట వేసింది నేనేరా. నెలకోటి చింపుకొచ్చేవాడివి. చింపడం అప్పుడే నేర్చావన్నమాట."

ఆ అబ్బాయి నవ్వబోయి ఆగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర తల వంచుకున్నాడు, ఆ గుమ్మం ఎత్తు తక్కువ కదా, అందుకో మరెందుకో తెలియదు.

ఒకటి అడుగుతాను. తలుపుకి అంటించిన కోర్టు కాగితాన్ని ఎవరైనా తీసేస్తే చట్టం ఏమంటుంది? ఊరికే తెలుసుకుందామని.

మీ చిన్నక్కకి ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు తగ్గించారట. నిన్ను అడిగానని చెప్పమంది.

అక్క


జూలై 9

అక్కకి,

తీసేస్తే నేరం. కోర్టు నోటీసు తీసెయ్యడమంటే కోర్టునే అడ్డుకున్నట్టు. ఊరికే అడిగేదానివి కాదు నువ్వు. నాకు అర్థమైంది. ఆ కాంట్రాక్టరే మనిషిని పెట్టి అంటించిన గంటలో తీయించేశాడని నీ అనుమానం, కదూ? లేకపోతే ఆ కాగితం మీ ఇద్దరి కంటా పడకుండా ఎక్కడికి పోతుంది. ఏడిస్తే కట్టలేనని నీ మొహం మీదే అన్నాడంటే వాడికి ఎంత తెలివి.

సీనియర్‌కి ఈ మాట చెప్పగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "యజమానే నోటీసు మాయం చేశాడంటే స్టే మన జేబులో ఉన్నట్టే" అన్నారు. పిటిషన్లో ఒక పేరా చేర్చమన్నారు. రాస్తున్నాను. వీధిలో ఎవరైనా చూసినవాళ్ళుంటే కనుక్కో. నీ సంతకానికి కాగితాలు వచ్చేవారం పంపుతాను.

ఎందుకైనా మంచిదని ఇంకో మాట. ఏదన్నా తేడా వస్తే చిన్నాన్న మా ఇంటికి వచ్చేస్తాడు. లిఫ్టు ఉంది, డాక్టరు ఎదురింట్లోనే ఉంటాడు. నిన్న ఫోన్లో చెప్పాను. ఊఁ అన్నాడు. ఒప్పుకుంటాడనుకోలేదు.

తమ్ముడు


జూలై 13

తమ్ముడికి,

ఆ పేరా కొట్టెయ్యి. ఈ ఉత్తరం అందగానే కొట్టెయ్యి.

కాగితం ఆ అబ్బాయి తీయించలేదు. చిన్నాన్న తుడిచాడు. నా మొదటి ఉత్తరం మళ్ళీ చదువు, అందులోనే ఉంది. రాసినప్పుడు నాకూ తట్టలేదు. పోస్టు డబ్బాలో వేసి వస్తుంటే తట్టింది. కోర్టు మనిషి వచ్చింది ఆయన పాలకి వెళ్ళినప్పుడు. ఆయన తిరిగొచ్చి మొలల మందు కాగితంతోపాటు కోర్టు కాగితాన్నీ గీకేశాడు. కళ్ళకి పొర కమ్మిన మనిషికి రెండూ ఒకటే తెలుపు.

ఈ సంగతి చిన్నాన్నకి తెలియదు. తెలియనివ్వను. అమ్మా నాన్నా పోయినప్పుడు పెళ్ళి మాట కూడా పక్కనపెట్టి మన ముగ్గుర్నీ ఆ జిగురు గిన్నెతో పెంచాడు. దుకాణం తన చేతులతోనే పోయిందని తెలిస్తే ఆ చేతులు మళ్ళీ పనిచెయ్యవు. నువ్వేమో నేరం అని రాశావు.

నేను ప్రార్థనలో ఉన్నాను, కాగితం చూడలేదు. రెండూ నిజాలే. అంతవరకే రాయి. కోర్టువాళ్ళు తప్పు పట్టాలంటే నా ప్రార్థననే పట్టనీ. అది మోస్తుంది.

ఈ ఉత్తరం దాచకు.

అక్క


జూలై 20

అక్కకి,

పేరా కొట్టేశాను. సీనియర్ నన్ను చూసిన చూపు ఎలా ఉందో రాయను. కాంట్రాక్టరు గురించి తొందరపడ్డాను.

ఆ రోజు నేను సగమే రాశాను. తెలిసి తీసినవాడిదే నేరం. తెలియక తుడిచినవాడిది కాదు. చిన్నాన్నకి ఏమీ కాదు, నాది పూచీ.

ఇంకా విను. మన దగ్గరున్న గట్టి మాట ఇదొక్కటే. కళ్ళు కనిపించని పెద్దమనిషి ఏళ్ళ తరబడి రోజూ చేసే పని ఒకటి చేశాడు, దాంతో ఒక కుటుంబం నోరు మూతపడింది. తలుపుకి అంటిస్తే మనిషికి అందినట్టేనా అని ఏ జడ్జి ముందు అడిగినా ఆగి ఆలోచిస్తాడు. "ప్రార్థనలో ఉండి వినలేదు" అంటే ఎవరూ ఆగరు. కళ్ళజోడు సర్దుకుని తర్వాతి కేసు పిలుస్తారు.

నీ మాట కాదని నేను రాయను. కానీ చిన్నాన్నని ఒక్కసారి అడుగు. ఆయన వద్దంటే నేనూ నోరెత్తను. అడగమని బతిమాలుకుంటున్నాను.

తమ్ముడు


జూలై 26

తమ్ముడికి,

అడగను. అడగడమంటే చెప్పడమే కదా.

కాగితాల మీద సంతకం చేసి పంపుతున్నాను. ఇంట్లో పెద్దదాన్ని. ఇది నేను తీసుకున్న నిర్ణయం. పొద్దునా సాయంత్రం దీనిమీదే ప్రార్థిస్తున్నాను.

కవరు అంటిస్తుంటే చిన్నాన్న "ఏం రాశావు" అన్నాడు. క్షేమమేనని రాశానన్నాను. "ఇంత చిన్న క్షేమానికి అంత సేపు పట్టిందేమిటి" అన్నాడు. జిగురు ఎక్కువైందని నా చేతిలోంచి కవరు తీసుకుని తనే తుడిచి అంటించాడు.

అక్క


ఆగస్టు 21

అక్కకి,

స్టే రాలేదు. ఫోన్లో ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేశాను, క్షమించు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

జడ్జిగారు ఆవిడ. ఓపికగానే విన్నారు. చట్టం సంగతి పెద్దదే, వివరంగా వింటాం అన్నారు. స్టే దగ్గరికి వచ్చేసరికి ఒకటే ప్రశ్న అడిగారు. "ఆవిడ గంటసేపు ప్రార్థనలో ఉన్నారు, సరే. అది దుకాణం తలుపు. రోజంతా దాంట్లోంచి రాకపోకలు ఉంటాయి. ప్రార్థన అయ్యాక కూడా ఆ కాగితం ఎవరికీ కనబడలేదా? ఏమైంది అది?"

సీనియర్ నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. జవాబు నా చొక్కా జేబులో ఉంది. నువ్వు దాచొద్దన్న ఉత్తరం. దాచలేదు, చింపనూ లేదు, జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఆవిడ మా వైపే చూస్తూ కాసేపు ఆగారు. నిజంగా ఆగారు అక్కా. తర్వాత రాసుకున్నారు.

సెక్షన్ మీద వాదనలు సాగుతాయి. సీనియర్‌కి అది చాలు. ఆయనకి దుకాణం లేదుగా.

నిన్నేమీ అనను. ఏమీ అనకూడదని ఇన్ని రోజులు ఆగి రాశాను.

తమ్ముడు


సెప్టెంబరు 14

తమ్ముడికి,

ఖాళీ చేశాం. మీ చిన్నక్క ఇంట్లో ఉన్నాం. వెనక చిన్న గది మాకు ఇచ్చింది. ఇనప ప్రెస్సు వరండాలో ఉంది. దాన్ని మొయ్యడానికి కాంట్రాక్టరే నలుగురు మనుషుల్ని పంపాడు, తనూ ఒక చెయ్యి వేశాడు. "కాలు జాగ్రత్తరా, అది నీ తాతంత బరువు" అని చిన్నాన్న అతన్ని హెచ్చరిస్తూనే ఉన్నాడు. మీ చిన్న బావ డ్యూటీ మానుకుని బస్సు డిపో నుంచి ఎవరిదో వ్యాను తెచ్చాడు. అందరూ మంచివాళ్ళే. అదే నాకు అర్థం కావడం లేదు.

తాళంచెవి ఇచ్చే రోజు పొద్దున కూడా చిన్నాన్న తలుపు తుడిచాడు. వద్దనలేకపోయాను. ఆ రోజు నేను ప్రార్థనకి కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. బ్లేడుతో గీకాక అరచేత్తో తడిమి చూస్తాడు, ఎక్కడైనా మిగిలిందేమోనని. ఇన్నేళ్ళలో నేనది చూడలేదు. ఆ వేళకి ఎప్పుడూ లోపలే ఉంటానుగా.

తర్వాతి వారమే దుకాణాన్ని పడగొట్టేశారు. నేను వెళ్ళలేదు. చిన్నాన్న వెళ్ళొచ్చాడు. ఏం చూశావంటే "నాకేం కనిపిస్తుంది, సున్నం వాసన వచ్చింది" అన్నాడు.

పని లేదు. పాతవాళ్ళకి మేమెక్కడున్నామో తెలియదు. మైదా మాత్రం రోజూ ఉడికిస్తున్నాడు. సాయంత్రం పారబోస్తున్నాం. నీ కోపం నాకు వినబడుతూనే ఉంది, నువ్వు అనకపోయినా.

అక్క


ఫిబ్రవరి 5

అక్కకి,

గెలిచాం.

ఈ మాట రాసి కాసేపు కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. తీర్పు నిన్న వచ్చింది. ఆ సెక్షన్ని కొట్టేశారు. నోటీసు తలుపుకి కాదు, మనిషి చేతికి అందాలన్నారు. మాట చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నారు. ఒక వాక్యం నీకోసం తెలుగు చేసి రాస్తున్నాను. "ఇంట్లో ఉన్న మనిషిని అడగకుండా ఆ ఇంటి గురించి చెప్పిన తీర్పు తీర్పు కాదు, అడిగితే ఏం చెప్పేవాడో మాకు ముందే తెలుసు అనుకోవడం న్యాయం కాదు."

చివరి పేజీలో మన గురించి రెండు లైన్లున్నాయి. పిటిషనర్ ఉన్న కట్టడం ఇప్పుడు లేదు కాబట్టి దాని విషయంలో ఆదేశం ఏమీ ఇవ్వడం లేదని.

సీనియర్ గదిలో స్వీట్లు పంచారు. నేను ఒకటి తీసుకున్నాను. తినలేదు. చిన్నాన్న సంతకంతో ఆ జవాబు అప్పుడే కోర్టుకి ఇచ్చి ఉంటే అనే ఆలోచన ఎంత తోసినా పోవడం లేదు. నువ్వు చిన్నాన్నకి ఇది చదివేటప్పుడు ఈ లైను వదిలెయ్యి.

చిన్నాన్నకి గది సిద్ధం చేశాను. ఈ నెలాఖరుకి నేనే వచ్చి తీసుకెళ్తాను. అందరూ కూర్చుని తేదీ నిర్ణయించి రాయండి.

తమ్ముడు


ఫిబ్రవరి 13

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నిన్న సాయంత్రం అందరం కూర్చున్నాం. మీ చిన్నక్క డ్యూటీ దిగి వచ్చింది, చిన్న బావ బస్సు డిపోలో పెట్టి వచ్చాడు. వరండాలో ప్రెస్సు చుట్టూ కూర్చోవడానికి ఉన్నదే అంత చోటు. చిన్నాన్న ప్రెస్సు పీట మీదే కూర్చున్నాడు. నీ ఉత్తరం పైకి చదివాను.

నువ్వు వదిలెయ్యమన్న లైను వదిలేశాను. "మధ్యలో ఏదో మింగావు" అన్నాడు. లేదన్నాను. "సరే, ఆ జడ్జిగారి మాట మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత అడిగాడు. "ఈ తీర్పు మన ఇంట్లో కూడా అమల్లోకి వస్తుందా, ఒక్క కోర్టులోనేనా?"

మీ చిన్న బావ నవ్వాడు. చిన్నాన్న నవ్వలేదు.

"వాడింట్లో గది సిద్ధమైందట. తేదీ మీరు పెడతారట. నన్నెవరైనా అడిగారా?"

"నువ్వు ఫోన్లో ఊఁ అన్నావటగా" అంది మీ చిన్నక్క.

"ఊఁ అంటే విన్నానని. వాడు లాయరు కదా, అడక్కుండానే ఒప్పుకున్నట్టు రాసుకున్నాడు."

అప్పుడు ఆయనే చెప్పాడు తమ్ముడూ. నేను ఆయన మాటల్లోనే రాస్తున్నాను, ఒక్కటీ మార్చకుండా.

"ఆ కాగితం నేనే గీకాను. తెలియక గీకాననుకుంటున్నారు మీరు. నాకు తెలుసు. గోడల మీద అంటించేవాళ్ళు మైదా జిగురు పూస్తారు. నీళ్ళు తగిలితే చాలు ఊడొస్తుంది. ఆ రోజు ఒకటి ఊడలేదు. చెయ్యి పెట్టి చూశాను. బంక. ఆఫీసుల్లో వాడే బంక. ఇదేదో సర్కారు కాగితం, పెద్దదాన్ని పిలిచి చదివిద్దామనుకున్నాను. బ్లేడు పక్కన పెట్టి నీ గది తలుపు దాకా వచ్చాను. తలుపు వేసి ఉంది. చెయ్యెత్తాను కూడా. ఎప్పుడూ కొట్టని తలుపు, ఇప్పుడేం కొడతాంలే అని దింపేశాను. నానబెడితే మొత్తంగా వస్తుంది, తర్వాత చూపిద్దామనుకున్నాను. అప్పటికే తడిసింది, ముద్దయిపోయింది. ఈలోగా స్కూలు ప్యూను వచ్చాడు. పనిలో పడి మర్చిపోయాను. ఆర్డరు వచ్చిన రోజే అర్థమైంది అదేమిటో."

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"అడుగుతావేమోనని చూశాను. వాడు అడుగుతాడేమోనని చూశాను. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకున్నారు. నేను గదిలోకి వస్తే కాగితం మడిచేదానివి. నాకు చెప్పకూడనిది ఏదో ఉందనుకున్నాను. దుకాణం మీ ముగ్గురిదీ అయింది, ముసలాడి మాట ఎందుకులే అనుకున్నారనుకున్నాను. కోర్టుకి తీసుకెళ్ళి ఉంటే చెప్పేవాణ్ణి. సిగ్గెందుకు? చెయ్యి చేసిన పని నోరు చెప్పడానికి సిగ్గెందుకు?"

గీకుడు చప్పుడు ఆ రోజు మధ్యలో ఆగిందని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. బ్లేడు కడుక్కుంటున్నాడనుకున్నాను. ఆయన అప్పుడు నా తలుపు అవతల చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. నేను లోపల, మనసు చెదిరిందని నన్ను నేను తిట్టుకుంటున్నాను.

జూన్లో నువ్వు నా ప్రార్థనని నిందించావు. చిన్నాన్నని కాపాడుతున్నానని ఆ నింద మోశాను. మోస్తున్నది నాది కాని బరువు అనుకున్నాను. నాదే. నువ్వు ఒక్కసారి అడగమని బతిమాలినప్పుడు అడగడమంటే చెప్పడమే కదా అని రాశాను. వినడం కూడానని నాకు తట్టలేదు. అడిగితే ఏం చెప్పేవాడో నాకు ముందే తెలుసు అనుకున్నాను. జడ్జిగారు మనల్ని చూడకుండానే రాశారు ఆ వాక్యం.

ఇక నిర్ణయాలు. ముందు చిన్నాన్న మాట, తర్వాతే మిగతావాళ్ళది అని మీ చిన్నక్క అంది. అలాగే జరిగింది. ఆయన నీ దగ్గరికి రాడు. లిఫ్టులో పైకి పోయి కూర్చుంటే తిరిగి దిగేది చివరి రోజునే అన్నాడు. కోపంతో అన్నది కాదు, నువ్వూ అలా తీసుకోకు. వరండాకి ఒక పక్క చెక్కలు కొట్టి తలుపు పెడతారు. బైండింగ్ పని అక్కడే మొదలుపెడతాం. చిన్న బావ బోర్డు రాయించి, తన బస్సు ఎక్కే స్కూలు మేష్టర్లందరికీ చెబుతానన్నాడు. తలుపు ఎవరు తుడవాలి అన్నదాని మీద కాసేపు వాదన అయింది. చిన్నాన్నే తుడుస్తాడు. కాగితం ఏదున్నా ముందు నేను చదవాలి.

రెండోది నీకు పని. నెలాఖరుకి నువ్వు రావాలి. ఆయన్ని తీసుకెళ్ళడానికి కాదు. ఆయన చెప్పింది కోర్టు కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలట. కేసు అయిపోయింది, ఇప్పుడది పనికిరాదన్నాను. "పనికి రావడానికి కాదు, చెప్పడానికి" అన్నాడు. వచ్చేటప్పుడు నీ జేబులోని ఉత్తరం కూడా తీసుకురా. ఆయన ముందు నేనే చదువుతాను.

మూడోది నా సంగతి. ప్రార్థన మానమని ఎవరూ అనలేదు. గది తలుపు మాత్రం వెయ్యొద్దన్నాడు చిన్నాన్న. అందరం ఊఁ అన్నాం. ఆ ఊఁకి అర్థమేమిటో ఒక్కొక్కరినీ పేరు పేరునా అడిగాడు. నన్ను ఆఖర్న అడిగాడు. ఒప్పుకున్నానని చెప్పాను.

అక్క